చెయ్యెత్తి పిలిచే ఇల్లు

ఆ ఇంట్లో రాజ్యాన్ని ఎవరు పిలిచినా చెయ్యెత్తి పిలుస్తారు. వంటింట్లోంచి పిలిచినా, మేడమెట్ల మీంచి పిలిచినా ముందు చెయ్యి లేస్తుంది, తర్వాతే నోరు. పాలు పోసే అమ్మాజీ అయితే గేటు దగ్గర క్యాను మూత ఎత్తి పట్టుకుని "రాజ్యంగారోయ్" అంటుంది. చుట్టపుచూపుగా వచ్చినవాళ్ళు ఒకటి రెండు రోజులు వింతగా చూసి, మూడోరోజు నుంచి వాళ్ళూ ఎత్తడం మొదలుపెడతారు.

పంతొమ్మిదేళ్ళ కిందట మెదడువాపు జ్వరం వచ్చి రాజ్యానికి రెండు చెవులూ పోయాయి. అప్పటికి ఆమెకు ముప్ఫై రెండు. ఎడమచెవి వెనక ఎముకలో చిన్న చిప్పు పెట్టారు. దానికి తోడు బయట చెవికి తగిలించుకునే చిక్కుడుగింజంత మైకు. అప్పట్నుంచీ వినబడటానికి ఏ లోటూ లేదు. బాణలికి వీపు పెట్టి నిలబడి, ఆవాలు చిటపటలాడటం అయిపోయింది, ఇక జీలకర్ర వెయ్యవచ్చని చెప్పగలదు. తెలియనిదల్లా దిక్కు ఒక్కటే. ఏ శబ్దం ఎటునుంచి వచ్చిందో ఆమెకు తెలియదు. పేరు వినబడగానే గుండ్రంగా తిరిగి, లేచి ఉన్న చెయ్యి కోసం వెతుక్కుంటుంది.

మంజువాణి ఆ ఇంటి చిన్నకోడలు, రాజ్యానికి తోడికోడలు. పై వాటా ఆమెది, కింది వాటా రాజ్యానిది. వంటిల్లు మాత్రం కిందే, ఇద్దరికీ ఒక్కటే.

జూలైలో ఒక మధ్యాహ్నం ఇద్దరూ కూరలు కొనుక్కుని నడిచి వస్తున్నారు. కాకినాడ ఎండ ఎండలాగే ఉంది. వెనక కుడివైపు నుంచి బస్సు హారన్ మోగింది. రాజ్యం గభాలున తప్పుకుంది, తప్పుకోవడం కుడివైపుకే తప్పుకుంది. మంజువాణి ఆమె జబ్బ పట్టుకుని లాగేసరికి బస్సు ఆమె చేతిలోని సంచిని రాసుకుంటూ వెళ్ళిపోయింది. రోడ్డు మీద టమాటాలు చితికి పరుచుకున్నాయి.

"హారన్ వినబళ్ళేదా అక్కా?"

"శుభ్రంగా వినబడింది. ఎటో తెలిస్తేగా" అంది రాజ్యం, రొప్పుతూ. తర్వాత చితికిన టమాటాల వంక చూసి, "పాపం, వాటికీ దిక్కు తెలీలేదు" అని నవ్వింది. మంజువాణికి నవ్వు రాలేదు. పట్టుకున్న జబ్బ వదల్లేదు.

ఇల్లు చేరాక మంచినీళ్ళు తాగుతూ రాజ్యం అడిగింది. "ఏమే, మీ ఆఫీసులో దిక్కు తెలిసే చిప్పులు వచ్చాయన్నావుగా?"

"అవి కొత్తవాళ్ళకక్కా."

"పాతవాళ్ళం ఏం పాపం చేశామే?"

ఆ ప్రశ్నకి జవాబు వెతకడమే మంజువాణి ఉద్యోగం. వినికిడి పరిశోధన కేంద్రంలో రెండో అంతస్తు చివరి గదిని అందరూ 'పాత రిలీజుల గది' అంటారు. ఆ చిప్పులన్నీ లినక్స్ మీద కట్టిన 'శ్రవణి' అనే సాఫ్ట్‌వేరుతో నడుస్తాయి. కొన్నేళ్ళకోసారి వచ్చే దాని కొత్త కూర్పుని రిలీజు అంటారు. ఇప్పుడు నడుస్తున్నది పన్నెండో రిలీజు. రాజ్యం తలలో ఉన్నది ఏడో రిలీజు. పన్నెండోది ఆ పాత చిప్పులో పట్టదు. చిప్పునే మార్చాలంటే మళ్ళీ ఎముక తొలవాలి. అదీగాక, పెట్టిన రోజునుంచీ చిప్పు ఆ మనిషితో కాపురం చేస్తూ, ఏ శబ్దాన్ని ఏ నరానికి ఎలా అందించాలో కొంచెం కొంచెంగా నేర్చుకుంటుంది. ఆ నేర్చుకున్నదాన్ని గదిలో 'అలవాటు పొర' అంటారు. చిప్పు మారిస్తే అది పోతుంది. ఏడో రిలీజుతో వింటున్నవాళ్ళు ఇంకా నాలుగువందల పన్నెండు మంది మిగిలారు.

"డిసెంబరు ముప్ఫై ఒకటితో ఏడో రిలీజుకి సెలవమ్మా, ఇక మార్పులుండవు. ఆ తర్వాత ఈ గదికి తాళం" అన్నాడు గది పెద్ద ఫ్రాన్సిస్‌గారు.

"ఆలోగా దిక్కు చెప్పే 'దిశ' ప్యాకేజీని ఏడుకి పట్టేలా చేస్తానండి" అంది మంజువాణి.

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "అయిదు రిలీజులు వెనక్కి. ఎన్ని మాక్రోలు మొయ్యాలో తెలుసా?"

"మోశాక లెక్కపెడతానండి."

ఏ ప్యాకేజీకైనా ఒక తయారీ కాగితం ఉంటుంది, వంటకి రాసుకున్న పద్ధతిలాగే. అందులో 'పోపు పెట్టు' అని ఒక్క ముక్క రాస్తారు తప్ప నూనె కాగనివ్వు, ఆవాలు వెయ్యి అని విడమర్చి రాయరు. ఒక్క మాట వెనక ముప్ఫై వరసల పని దాగి ఉంటుంది. అలాంటి మాటలే మాక్రోలు. పన్నెండో రిలీజుకి తెలిసిన మాక్రోలు ఏడోదానికి తెలియవు; అవి పుట్టేనాటికే అది పాతబడిపోయింది. కొత్త మాట వెనక ఉన్న పనిని పాతదానికి చేతనైన మాటల్లో తిరగరాసి, మూట కట్టి, వెనక్కి మోసుకెళ్ళి అప్పగించాలి. ఒక మూట విప్పితే అందులో ఇంకో నాలుగు మూటలు బయటపడేవి.

మంజువాణికి ఆ పని ఇష్టం. ప్యాకేజీ తయారవుతుండగా తెలియని మాట తగలగానే ఏడో రిలీజు మొరాయించేది. మొరాయించిన చోటల్లా ఆమె ఒక మూట తెచ్చి ఇచ్చేది. అది ఒప్పుకుని ముందుకు నడిచేది. ఇంకో పదడుగులు వేసి మళ్ళీ మొరాయించేది. అలా రెండు నెలల్లో అరవై మూటలు మోసింది. అరవయ్యోది ఇచ్చాక ప్యాకేజీ ఎక్కడా ఆగకుండా చివరిదాకా తయారైంది. మంజువాణి కుర్చీలోంచి లేచి ఒక్కతే చప్పట్లు కొట్టింది.

పరీక్షకి గదిలో ఒక గాజు జాడీ ఉంది. ఉప్పునీళ్ళలో, ఎవరి తలలోకీ వెళ్ళని ఏడో రిలీజు చిప్పు ఒకటి తేలుతూ ఉంటుంది. ఏ ప్యాకేజీనైనా ముందు దానిమీదే చూస్తారు. 'దిశ' ఎక్కించి, చెవికి పెట్టుకునే మూడు మైకుల కొత్త గింజ తగిలించి, ఫ్రాన్సిస్‌గారు గది నాలుగు మూలలకీ వెళ్ళి చిటికెలు వేశాడు. తెర మీద బాణం గుర్తు ఆయన ఎటు వెళ్తే అటు తిరిగింది. తక్కినవన్నీ ఎప్పటిలాగే ఉన్నాయి. ఇద్దరూ సంతకాలు పెట్టారు.

మొదట ఎక్కించుకుంటానని ముందుకొచ్చినవాడు అంబాజీపేట సూర్రావు. అరవై నాలుగేళ్ళ మనిషి. బాణాసంచా పేలుడులో చెవులు పోగొట్టుకుని, పదిహేడేళ్ళుగా ఏడో రిలీజుతో వింటున్నాడు. కొబ్బరికాయల రాశి ముందు కూర్చుని, వేలి కణుపుతో ఒక్కొక్క కాయనీ కొట్టి, ఆ చప్పుడు విని ఏడు రకాలుగా వేరుచెయ్యడం ఆయన పని. రెండో పేరు రాజ్యానిది. ఆయన తర్వాత వారం రోజులకి.

ఎక్కించడానికి పావుగంట పట్టింది. సూర్రావు కళ్ళు మూసుకుని, చిటిక ఎక్కడ మోగితే అక్కడికి వేలు చూపించాడు. ఒక్కటీ తప్పలేదు.

"ఇంటికెళ్ళి మా ఆవిడ ఏ గదిలో ఉండి నన్ను తిడతందో కనిపెడతానండి ఆయ్" అన్నాడు.

నాలుగోరోజు పొద్దున్నే తిరిగి వచ్చాడు. సంచిలోంచి రెండు కొబ్బరికాయలు తీసి బల్ల మీద పెట్టాడు. ఒకదాన్ని కొట్టాడు. రెండోదాన్ని కొట్టాడు.

"ఏది ముదురో సెప్పండి."

"నాకు తెలీదండి" అంది మంజువాణి.

"నాకూ తెలట్లేదండి."

సూర్రావు ఒక కాయని ముందుకి జరిపాడు.

"దిక్కు తెలుత్తందండి. కాయ ఇక్కడుందని తెలుత్తంది. కాయలో ఏముందో తెలట్లేదు. మా ఆవిడ మాటాడినా అంతే. మాటలు తెలుత్తన్నాయి, మనిసి తెలట్లేదు. రేకు డబ్బాలో గులకరాళ్ళు పోసి ఆడించినట్టుందండి."

ఫ్రాన్సిస్‌గారు పరీక్షించి చూశాడు. సూర్రావు చిప్పులో అలవాటు పొర ఖాళీగా ఉంది. నిన్నగాక మొన్న పెట్టిన చిప్పులో ఎలా ఉంటుందో అలా. దానికి వేరే ప్రతి తీసి దాచుకునే వీలు ఏడో రిలీజులో లేదు.

"మళ్ళీ నేర్చుకుంటుందండి" అంది మంజువాణి. "కొంత కాలానికి..."

"ముందుసారి ఏడు రకాలూ రాడానికి ఆరేళ్ళు పట్టిందండి" అన్నాడు సూర్రావు. కాయలు రెండూ సంచిలో వేసుకుని వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం వంటింట్లో రాజ్యం బెండకాయలు తరుగుతోంది. మంజువాణి పీట మీద కూర్చుని జరిగిందంతా చెప్పింది. ఇప్పట్లో ఆమెకి ఎక్కించడం లేదని కూడా చెప్పింది. రాజ్యం కత్తిపీట పక్కకి జరిపి ఆలోచనలో పడింది.

"అదేంటే, ముందు జాడీ మీద వేసి చూశాం, ఏ తేడా రాలేదన్నావు?"

"రాలేదక్కా. అదే అర్థం కావట్లేదు."

"జాడీకేం వచ్చని పోతుందే?" అంది రాజ్యం. "పుట్టి బుద్ధెరిగి అది ఒక్క కొబ్బరికాయైనా విందా?"

మంజువాణి తల ఎత్తి ఆమె వంక చూసింది. ఇన్నేళ్ళుగా ఆ గదిలో ఎంతమంది సంతకాలు పెట్టారో. ఆ ప్రశ్న ఒక్కరికీ తట్టలేదు.

మర్నాడు పొద్దున్న ఆమె సూర్రావు చిప్పు రాసుకున్న చిట్టాని వరస వరసనా చదవడం మొదలుపెట్టింది. తయారీలో జరిగింది కాదు, ఎక్కించేటప్పుడు మనిషి తలలో జరిగింది. భోజనాల వేళకి దొరికింది. పొరను ముందుగా తీసి పక్కన పెట్టి, పని అయ్యాక తిరిగి సర్దమని చెప్పే మాట ఒకటుంది. పన్నెండో రిలీజులో అదీ ఒక మాక్రోయే. చిట్టాలో ఆ మాట విప్పని మూటలా, రాసింది రాసినట్టే పడి ఉంది. తయారీలో అయితే తెలియని మాట దగ్గర ఏడో రిలీజు మొరాయిస్తుంది. ఎక్కించేటప్పుడు మాత్రం మొరాయించదు. అర్థం కాని మాటను అలాగే వదిలేసి, కిక్కురుమనకుండా పక్క వరసకి వెళ్ళిపోతుంది. అది మొరాయించిన చోటల్లా చూసుకుంది మంజువాణి. మొరాయించని చోట చూడలేదు. అరవై ఒకటో మూట ఆమె మొయ్యనే లేదు.

"నేనూ చదివాను, నేనూ సంతకం పెట్టాను" అన్నాడు ఫ్రాన్సిస్‌గారు.

"ఆయనకి నేను చెబుతానండి" అంది మంజువాణి.

అంబాజీపేటలో సూర్రావు కాయల రాశి పక్కన మడత కుర్చీలో కూర్చుని ఉన్నాడు. రాశి ముందు ఆయన చోటులో అల్లుడు కూర్చుని కాయలు కొడుతున్నాడు. మంజువాణి ఏదీ దాచకుండా చెప్పింది. "ఒక్క మాట దానికి అర్థం కాలేదండి. కాలేదని అది చెప్పలేదు. అయిందా అని నేను అడగలేదు."

ఆమె వచ్చిన రెండో పని కూడా చెప్పింది. జాడీకి ముందు కొంత వినికిడి నేర్పాలి. పోగొట్టుకోవడానికి దానికంటూ ఏదో ఒకటి ఉంటే తప్ప, పోయిందో లేదో తెలియదు. నేర్పడానికి ఆయన సాయం కావాలి.

"నా చెవి తినేసి, ఇప్పుడు జాడీకి పాఠం సెప్పమంటారా?" అన్నాడాయన. కోపంతో మొహం ఎర్రబడింది. "నా చెవి నాకు తిరిగొత్తదా?"

"రాదండి."

అల్లుడు కాయలు కొట్టడం ఆపి ఇటే చూస్తున్నాడు. సూర్రావు రాశిలోంచి ఒక కాయ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"ఇంకా ఎందరున్నారు నాలాటోళ్ళు?"

"నాలుగువందల పదకొండు మందండి."

"గురువారం వత్తాను" అన్నాడు. "టీ తాగి ఎళ్ళండి."

జాడీ ఇంటికి వచ్చింది. ఆఫీసులో అయితే ఏసీ రొద, కీబోర్డుల టకటక తప్ప ఏమీ వినదని మంజువాణి ఫ్రాన్సిస్‌గారిని ఒప్పించి తెచ్చింది. వంటింటి గూట్లో మాగాయ జాడీ పక్కన చోటిచ్చి, రాజ్యం దానికి చీటీ అంటించింది: 'ఇది ఊరగాయ కాదు'.

ఆరువారాలు ఆ జాడీ ఇల్లంతా విన్నది. కుక్కర్ కూతలు విన్నది, పప్పు ఎనపడం విన్నది, అమ్మాజీ క్యాను మూత చప్పుడు విన్నది. రాజ్యం భర్త కేశవరావు పోర్టు ఆఫీసు నుంచి వచ్చి చెప్పులు విడిచే శబ్దం విన్నది. గురువారం గురువారం సూర్రావు సంచి నిండా కాయలతో వచ్చేవాడు. ఏది ఏ రకమో అల్లుడు సుద్దతో గుర్తులు పెట్టి పంపేవాడు. చప్పుడు తెలియకపోయినా సూర్రావు వేలి దెబ్బ మాత్రం చెక్కుచెదరలేదు. గూడు ముందు పీట వేసుకుని ఒక్కొక్క కాయనీ ఓపిగ్గా వందసార్లు కొట్టేవాడు. "ఇది లేతదే. ఇది నీరు తగ్గింది. ఇది కురిడీ, నీరంతా ఎండిపోయింది, గుర్తెట్టుకో" అని జాడీకి చెప్పేవాడు.

"దాన్ని పిలిచేటప్పుడు చెయ్యెత్తండి అన్నయ్యగారూ" అనేది రాజ్యం. "దానికీ దిక్కు తెలీదు పాపం."

మొదటి గురువారం ఆయన నవ్వలేదు. మూడో గురువారం నవ్వాడు. నాలుగో గురువారం నిజంగానే చెయ్యెత్తి, "ఏమే జాడీ" అన్నాడు.

ఈలోగా మంజువాణి అరవై ఒకటో మూట కట్టింది. అది విప్పితే అందులో మరో తొమ్మిది ఉన్నాయి. అవీ కట్టింది. వాటన్నిటికంటే ముందు ఒక కొత్త వరస రాసింది, పన్నెండో రిలీజులో కూడా లేనిది: తెలియని మాట ఎక్కడ తగిలినా అక్కడే ఆగు, దేన్నీ ముట్టుకోకుండా వెనక్కి వచ్చెయ్యి. కాగితం చివర ఏ మార్పు ఎవరు ఎందుకు చేశారో రాసే చోటు ఒకటి ఉంటుంది. మామూలుగా అక్కడ 'చిన్న సవరణ' అని రాసి వదిలేస్తారు. ఆమె మాత్రం తారీకు వేసి, సూర్రావుగారికి పదిహేడేళ్ళ వినికిడి ఎలా పోయిందో, తప్పు ఎవరిదో మూడు వరసల్లో రాసి కింద తన పేరు పెట్టింది.

జాడీని తిరిగి ఆఫీసుకి తీసుకెళ్ళాక, పరీక్షకి సూర్రావు కూడా వచ్చి కూర్చున్నాడు. ఎక్కించక ముందు జాడీకి నలభై మూడు శబ్దాలు తెలుసు. ఎక్కించాక ఫ్రాన్సిస్‌గారు ఒక్కొక్కటే వినిపిస్తూ వచ్చాడు. కుక్కర్ కూత తెలిసింది. చెప్పుల చప్పుడు తెలిసింది. రాజ్యం గొంతు తెలిసింది. కొబ్బరికాయల ఏడు రకాలూ తెర మీద ఏడు వేరు వేరు గీతలుగా వచ్చాయి. బాణం గుర్తు కూడా ఎటు తిరగాలో అటు తిరిగింది.

"దానికి తెలుత్తందా అండి?" అని అడిగాడు సూర్రావు.

"తెలుస్తోందండి. ఏడూ తెలుస్తున్నాయి."

ఆయన జాడీ మూత మీద అరచెయ్యి పెట్టి కాసేపు అలాగే ఉంచాడు.

తర్వాత ఎవరన్నది ఇంట్లో తేలాల్సిన సంగతి. కేశవరావు ససేమిరా అన్నాడు.

"అమ్మా మంజూ, నీమీద నమ్మకం లేక కాదు. పంతొమ్మిదేళ్ళు చెయ్యెత్తాం. ఇంకో ఇరవై ఏళ్ళు ఎత్తుతాం. మాకేం జబ్బలు అరిగిపోతున్నాయా?"

"రోడ్డు మీద బస్సువాడు ఎత్తడండీ" అంది రాజ్యం.

"పోనీ రోడ్డెక్కకు."

"బాగుంది వరస! చిప్పుకి భయపడి ఇంట్లో కూర్చోనా?" తర్వాత గొంతు తగ్గించింది. "బస్సు సంగతి అటుంచండి. అసలు దిక్కు అంటే ఎలా ఉంటుందో మర్చిపోయాను. ఒక్కసారి చూడాలనుంది నాకు."

పాత రిలీజుల గదిలో మంజువాణి ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి, మూటలన్నీ మరోసారి సరిచూసి ఎక్కించింది. పావుగంట. ముందు పొర చూశారు. పంతొమ్మిదేళ్ళదీ ఎక్కడిది అక్కడే ఉంది. మంజువాణి చప్పుడు చెయ్యకుండా కుర్చీ వెనక్కి వెళ్ళి, చేతులు రెండూ కిందికి వేలాడేసి పిలిచింది.

"అక్కా."

రాజ్యం గుండ్రంగా తిరగలేదు. సరిగ్గా మంజువాణి ఉన్న వైపుకే తల తిప్పింది. ఫ్రాన్సిస్‌గారు కిటికీ దగ్గర చెంచాతో గ్లాసు మీద కొట్టాడు. కిటికీ వైపు తిరిగింది. తలుపు అవతల ఎవరో దగ్గారు. తలుపు వైపు తిరిగింది. ఆమె కళ్ళు పెద్దవయ్యాయి. చిన్నపిల్లలా నోరు తెరుచుకుని ఉండిపోయింది.

"అక్కా, నా గొంతు నాదిలాగే ఉందా?"

"నీదే. ఏం మారలేదు." రాజ్యం ఆమె వంక అదోలా చూసింది. "కానీ నువ్వేంటే, బయటికెళ్ళిపోయావు?"

"బయటికా?"

రాజ్యం రెండు కనుబొమల మధ్య వేలు పెట్టి చూపించింది. "ఇన్నాళ్ళూ అందరూ ఇక్కడ మాట్లాడేవారు. నువ్వూ, మీ బావగారూ, కుక్కరూ, కాకులూ అన్నీ ఇక్కడే. నా ఆలోచన ఎక్కడుందో మీ మాటలూ అక్కడే ఉండేవి. ఇప్పుడు నువ్వు అక్కడున్నావు."

ఫ్రాన్సిస్‌గారు, మంజువాణి మొహమొహాలు చూసుకున్నారు. కొత్తవాళ్ళెవరూ ఈ మాట చెప్పలేదు. లోపల విన్న అలవాటు వాళ్ళకి లేదు మరి.

ఇంటికి వచ్చాక రాజ్యం ఒక్కచోట నిలవలేదు. పెరట్లో కాకి అరిస్తే పెరట్లోకి, గేటు కిర్రుమంటే వీధిలోకి, పై వాటాలో బకెట్టు పెట్టిన చప్పుడైతే మెట్ల కిందికి వెళ్ళి చూసి వస్తోంది. "ఇల్లింత పెద్దదా!" అంటోంది. "కొళాయి ఎంత దూరంలో ఉందే!" కేశవరావు ఆమె వెనకాలే తిరుగుతూ, ఏది వినబడితే దాని పేరు చెప్పి నవ్వుతున్నాడు.

దీపాలు పెట్టేవేళకి ఆమె నెమ్మదించింది. మంజువాణి కాఫీ తెచ్చేసరికి వంటింటి గుమ్మంలో ఒక్కతే కూర్చుని ఉంది. హాల్లో కేశవరావు ఫోనులో ఎవరితోనో మాట్లాడుతున్నాడు.

"ఆయన హాల్లో ఉన్నారే" అంది రాజ్యం.

"అవునక్కా."

"పంతొమ్మిదేళ్ళుగా ఆయన ఏం మాట్లాడినా నాలోపలే మాట్లాడేవారు. పక్క ఊళ్ళో ఉండి ఫోన్ చేసినా సరే. ఇప్పుడు హాల్లో మాట్లాడుతున్నారు." కాఫీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుంది. "అందరూ ఒక్కసారే సామాన్లు సర్దుకుని ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోయినట్టుందే."

మంజువాణి పొర చెదరకుండా కాపాడినందుకు మధ్యాహ్నం నుంచీ లోలోపల మురిసిపోతోంది. ఇది ఏ పొరలోనూ రాసి ఉన్నది కాదు. ఏ మూటలో కట్టి తిరిగి ఇవ్వగలదు దీన్ని?

"వద్దంటే తీసేస్తానక్కా. ఇప్పుడు తీసినా ఏమీ పోదు. అందరూ లోపలికి వచ్చేస్తారు."

రాజ్యం ఆలోచించింది. పెరట్లో తొట్టిలోకి కొళాయి నీళ్ళు ఒక్కొక్క చుక్కా పడుతున్నాయి. ఆమె తల అటు తిరిగింది.

"నాలుగు రోజులు ఆగు. చూద్దాం" అంది.

అయిదోరోజున ఇద్దరూ కూరలకి వెళ్ళారు. తిరిగి వస్తుంటే అదే మలుపు దగ్గర మంజువాణి అలవాటుగా ఆమె జబ్బ పట్టుకోబోయింది. రాజ్యం ఆగిపోయింది. వెనక్కి చూడలేదు. తల కొంచెం పక్కకి వంచింది.

"బస్సు. వెనకాల, కుడిపక్క" అంది. ఎడమవైపుకి నింపాదిగా నాలుగడుగులు వేసి, మంజువాణిని కూడా కొంగు పట్టి లాక్కుంది. బస్సు దుమ్ము లేపుకుంటూ వెళ్ళిపోయింది. సంచిలో టమాటాలు సంచిలోనే ఉన్నాయి.

కాసేపు నడిచాక రాజ్యమే అంది. "తీసెయ్యకే. దూరంగా ఉన్నారంటే ఏమైంది, ఎంత దూరమో తెలిసింది కదా. పిలిస్తే వస్తారు."

డిసెంబరు ఆఖరుకి నాలుగువందల పదకొండు మందిలో మూడువందల ఎనభై మంది వచ్చి ఎక్కించుకున్నారు. ఎక్కించే ముందు ప్రతి ఒక్కరికీ మంజువాణి రెండు సంగతులు చెప్పేది. సూర్రావుగారికి ఏం జరిగిందో మొదటిది. అందరూ బయటికి వెళ్ళిపోతారన్నది రెండోది. ముప్ఫై ఒక్కమంది రెండోది విని వద్దని వెళ్ళిపోయారు. ఆమె వాళ్ళని బలవంతపెట్టలేదు. అంబాజీపేట నుంచి సూర్రావు ఫోన్ చేశాడు. లేతకాయ, ముదురుకాయ తెలుస్తున్నాయట. తక్కిన అయిదూ ఇంకా తెలియడం లేదట. జాడీ ఎలా ఉందని అడిగాడు. గదికి తాళం పడిన రోజున దాన్ని ఇంటికి తెచ్చేశానని, మాగాయ పక్కనే ఉందని చెప్పింది మంజువాణి.

సంక్రాంతి ఇంకా రెండు వారాలుందనగా ఒక సాయంత్రం ఆమె మెట్లు దిగి వస్తోంది. అరుగు మీద రాజ్యం గేటుకి వీపు పెట్టి కూర్చుని, ఎండిన గుమ్మడి వడియాలు గుడ్డ మీంచి ఒలుస్తోంది. కేశవరావు ఆఫీసు నుంచి వచ్చి గేటు తీశాడు.

"రాజ్యం" అని పిలిచాడు. పిలుస్తూనే చెయ్యెత్తాడు.

ఎత్తాక గుర్తొచ్చినట్టుంది. అవతల ఉన్నది ఆమె వీపు, చెయ్యి కనబడదు. ఇక ఎత్తనక్కర్లేదు కూడా. ఆయన అలాగే, చెయ్యి గాల్లో ఉండగానే, దించాలా వద్దా అన్నట్టు నిలబడిపోయాడు. మెట్ల మీద మంజువాణి కూడా ఆగిపోయింది.

రాజ్యం వెనక్కి తిరగలేదు. వడియాలు ఒలుస్తున్న కుడిచేతిని, పిండి అంటుకున్న వేళ్ళతో, అలాగే పైకెత్తింది.